బీలా తోఁకచుక్కయు చెన్నపురి వేధశాలయు

కేతు శబ్దమును వైయాకరణులు చాయృ ధాతువునుండి ఉణాది ప్రత్యయముచేత సాధింతురు. ఆ ధాతువునకు పూజయు, నిశామనమును అర్థములు. నిశామనమనఁగా శ్రద్ధతో కనిపెట్టి చూచుట. కాఁబట్టి వ్యుత్పత్తినిబట్టి కేతువు భయహేతువు కాదు, చూడఁదగినది. ఉత్పాత గ్రంథములు శుభాశుభ ఫలములనే విస్తరించుటచేత ఈ యర్థము మఱుగుపడినది.

వరాహమిహిరుఁడు బృహత్సంహితలోని కేతుచారాధ్యాయమున కేతువుల యుదయాస్తమయములు గణితముచేత తెలియరానివని స్పష్టముగా చెప్పియున్నాఁడు. కేతువులు నూటొక్కటి యని కొందఱును, వేయి యని కొందఱును, ఒక్కటియే బహురూపములు తాల్చునని నారదుఁడును చెప్పినట్లు మతభేదములను గూడ చూపినాఁడు. వ్యాఖ్యాతయైన భట్టోత్పలుఁ డుదాహరించిన పరాశర వచనములలో మాత్రము ఫలానా కేతువు ఇన్ని వర్షములు ప్రవసించి మరల నుదయించునని కాలసంఖ్యలు కలవు. వీనిని నేఁటి తోఁకచుక్కల యావర్తకాలములతో సరిపెట్టి, ప్రాచీనులకు హేలీ గణితము తెలియునని వాదించుట సాహసము. వరాహమిహిరుఁడు పొరపడెననుటయు తొందరపాటే. తన కాలమునకు యథార్థమైన మాటనే ఆయన చెప్పినాఁడు.

1531, 1607, 1682 సంవత్సరములలో కనఁబడిన తోఁకచుక్క యొక్కటియే యని 1705లో హేలీ ప్రకటించుటయు, 1758వ సంవత్సరము డిసెంబరు 25వ తేదీ రాత్రి శాక్సనీ దేశపు కర్షకుఁడు పాలిట్ష్ దానిని మరల కనుఁగొనుటయు విద్యార్థులు సైతము ఎఱిఁగినదే. బీలా తోఁకచుక్క కథ యంత ప్రసిద్ధము కాదు. దానిలోని యొక ముఖ్యఘట్టము చెన్నపురిలో జరిగినది.

ఈ తోఁకచుక్కను 1772లో మాంటేన్ అను ఫ్రెంచివాఁడును, 1805లో పాన్స్ అను నతఁడును చూచిరి. 1826 ఫిబ్రవరి 27న ఆస్ట్రియా సేనాధికారి బీలా చూచిన పిమ్మట అది సుమారు ఆఱు సంవత్సరముల తొమ్మిది మాసములకొక్కసారి సూర్యుని చుట్టివచ్చునని తేలినది. 1832లో అది భూకక్ష్యకు మిక్కిలి చేరువగా పోవునని ఓల్బర్స్ గణితము తెలిపెను. అది యా స్థలమును దాఁటునది అక్టోబరు 29. భూమి యచటికి వచ్చునది నవంబరు 30. నెలదినముల యంతర మున్నను ఐరోపాలో జనులు ప్రళయభీతి చెందిరి. ఉత్పాతభయము మన దేశపు సొత్తనువారు దీనిని గమనింతురు గాక.

1846 జనవరిలో ఆశ్చర్యకరమైన సంగతి కనఁబడినది: తోఁకచుక్క రెండుగా చీలి, రెండును ప్రక్కప్రక్కన నడచుచుండెను. 1852లో మరల వచ్చినపుడు వాని నడిమి దూరము సుమారు పదునైదు లక్షల మైళ్లు. అటుపిమ్మట వానిని చూచినవారు లేరు. 1859లో కనఁబడుటకు తావు అనుకూలము కాలేదు. 1865-66లో అనుకూలమైయుండియు, ఎంత వెదకినను చిక్కలేదు.

1872 నవంబరు 27వ తేదీ రాత్రి దేవయాని మండలమునుండి గంటకు వేలకొలఁది ఉల్కలు రాలినవి. తోఁకచుక్క శకలములే భూమిని తాఁకినవనియు, అది భూమిని దాఁటిపోయినయెడల ఆకాశమున నెదుటి దిక్కున నుండవలెననియు గొట్టింగెన్ నగరమునందలి క్లింకర్ఫ్యూస్ ఊహించెను. ఆ దిక్కు సెంటారస్ అను నరతురంగ మండలములోని తీటా నక్షత్రప్రాంతము. అది జర్మనీలో క్షితిజమునకు పైకి రాదనియే చెప్పవచ్చును. అందుచేత అతఁడు చెన్నపురి వేధశాలాధికారియగు పాగ్సనునకు, ఆ తావున వెదకుమని తంతివార్త పంపెను.

ఆ వేధశాల నుంగంబాకమున 1792లో కంపెనీవారిచే నిర్మింపఁబడినది. అందలి రాతికంబముపై ఇతర భాషలతోపాటు తెలుఁగునను శాసనము చెక్కఁబడియున్నది. 1861నుండి అధికారిగానున్న పాగ్సను ఆ యేఁటనే ఆసియా అను క్షుద్రగ్రహమును ఇచటనే కనుఁగొన్నవాఁడు. తంతి యందిన పిమ్మట రెండు వేకువలు వానయు మబ్బును అడ్డుపడినవి. మూఁడవ వేకువను, సుమారు 5¼ గంటల వేళ, మబ్బునడుమ నొక చిన్న సందు తెఱపిచ్చెను. ఆ సందులో గుండ్రముగ, కాంతిమంతముగ, స్పష్టమైన కేంద్రముతో, 45 వికలల వ్యాసముగల బింబ మతనికి కనఁబడినది. దానికి తోఁక లేదు. నాలుగు నిమిషములలో అది కొంత కదలుటచేత నక్షత్రము కాదని నిశ్చయమైనది. మఱునాఁటి వేకువను సుమారు 8 కలల నిడుపుగల సన్నని తోఁకయు కనఁబడెను. ఈ రెండు వేధలకును పాగ్సను వేసిన తేదీలు డిసెంబరు 2, 3. అంగ్లేయ పంచాంగమునుబట్టి 3, 4 కావలెను గదా యని సందేహింపరాదు. ఖగోళజ్ఞులు 1925కు పూర్వము దినమును మధ్యాహ్నమునుండి లెక్కించుచుండిరి. సూర్యోదయమునుండి లెక్కించు మన పద్ధతినిబట్టియు ఆ వేకువలు పూర్వదినములకే చెందును.

తరువాత మబ్బు విడువలేదు. కక్ష్యను సాధించుటకు తక్కువపక్షము మూఁడు వేధలు కావలెను, దొరికినవి రెండే. పాగ్సను తాను చూచినది బీలాయే యని నమ్మెను. కాని బీలా శకలములు రెండును ఆ తావును చాల వారములకు ముందే దాఁటిపోయి యుండవలెనని పిమ్మటి గణితజ్ఞులు చూపిరి. కావున అతఁడు చూచినది వేఱొక తోఁకచుక్క. ఇందుచేత పాగ్సను కీర్తికి లోపము లేదు. చూచినది చూచినట్లు వ్రాసియుంచుటచేతనే అతని యూహను తరువాతివారు త్రోసివేయఁగలిగిరి. అతని వేధను మాత్రము ఎవరును త్రోసివేయలేదు. నేఁటి పట్టికలలో ఆ తోఁకచుక్క పేరునకు ముందు ఎక్స్ అను అక్షర మున్నది. కక్ష్య తెలియని వానికి ఆ గుర్తు.

1885 నవంబరు 27న మరల ఉల్కలు వానవలె కురిసినవి. తరువాత వాని సంఖ్య క్రమముగా తగ్గిపోయినది. బీలా తోఁకచుక్కకు పట్టికలో డి అను అక్షరము చేర్చిరి. నశించినది లేక కనఁబడకపోయినది యని దాని యర్థము.