రేవులోనే మొదలగు రక్షణ

పడవ మునిగినదని తెలిసినప్పుడు మేము ఆ సంగతిని వార్తలలో చదువుదుము. ఎందరు పోయిరి, ఎందరు బ్రదికిరి, ఎవరు రక్షించిరి అని శ్రోతలకు చెప్పుదుము. కాని ఉదయమున రేవులో ఎవరో ఒక పెద్దమనిషి పడవలో లైఫ్ జాకెట్లను, ఎక్కవలసిన మనుష్యులను లెక్కించి, “రెండు తక్కువైనవి, తెప్పించుకొని బయలుదేరుడు” అని చెప్పుటచేత సాయంకాలము జరుగవలసిన మరణము తప్పిపోయినచో, అది ఏ వార్తలకును ఎక్కదు. అట్టి వార్తకెక్కని పనిని జీతము లేకుండ ఎనిమిది దశాబ్దములకు పైగా చేయుచున్న ఒక సంస్థ చరిత్రను ఈ ప్రసంగమున చెప్పదలచితిమి. అది అమెరికా సంయుక్త రాష్ట్రములలోని కోస్ట్ గార్డ్ ఆగ్జిలరీ, అనగా ప్రభుత్వ తీరరక్షక దళమునకు తోడుగా నిలిచిన పౌరుల సహాయక దళము.

అమెరికాలో తీరరక్షక దళము 1915లో ఏర్పడినది. సుంకముల శాఖకు చెందిన ఓడల దళమును, ఒడ్డున కాపుండి మునుగు ఓడలలోనివారిని కాపాడు ప్రాణరక్షణ శాఖను ఒకటిగా చేర్చి దీనిని నెలకొల్పిరి. అప్పటికి సముద్రముపై తిరుగువారిలో ఎక్కువమంది అదే వృత్తిగా బ్రదుకు నావికులు, జాలరులు. తరువాత మోటారు పడవలు చౌకయైనవి. ఆదివారమునాడు భార్యాబిడ్డలతో షికారు పోవు ఉద్యోగి, వర్తకుడు, వైద్యుడు కూడ నీటిపైకి వచ్చిరి. 1939 నాటికి అట్టి పడవలు 3 లక్షలకు మించినవి. ఇన్నింటిని కనిపెట్టియుండుటకు తీరరక్షక దళమునకు ఓడలును చాలవు, మనుష్యులును చాలరు.

దీనికి ఉపాయమును సూచించినవాడు సైన్యాధికారి కాడు, ఒక చలనచిత్ర రచయిత. లాస్ ఏంజెలెస్ నగరమున రచయితల పడవ క్లబ్బుకు నాయకుడుగా నుండిన మాల్కం స్టువర్ట్ బాయిలన్ 1934 ఆగష్టులో తీరరక్షక దళాధికారి ఫ్రాన్సిస్ పోలార్డుకు ఒక లేఖ వ్రాసెను. దేశమున సొంత పడవలు గల పౌరులు ఇందరున్నారు. వారిని ముందుగనే కూడగట్టి, శిక్షణ నిచ్చి ఉంచినచో అత్యవసర సమయమున వారు ప్రభుత్వమునకు అక్కరకు వత్తురని దాని భావము. ఇల్లు కాలుచుండగా నూయి త్రవ్వరాదని మన పెద్దలు చెప్పిన మాటయే ఇది. ఈ ఆలోచన చట్టమగుటకు దాదాపు ఐదేండ్లు పట్టినది. 1939 జూన్ 23వ తేదీన అమెరికా కాంగ్రెసు పౌరులతో కూడిన కోస్ట్ గార్డ్ రిజర్వును ఏర్పరచెను. 1941 ఫిబ్రవరిలో ఆ పేరు సైనికులైన రిజర్వు దళమునకు పోగా, పౌరుల సంస్థకు ఆగ్జిలరీ అను పేరు వచ్చినది.

ఆ సంవత్సరము ముగియకమునుపే అమెరికా రెండవ ప్రపంచయుద్ధమున ప్రవేశించినది. 1942లో జర్మను జలాంతర్గాములు అమెరికా తూర్పు తీరమునకు సమీపముగా వచ్చి సరకు ఓడలను, చమురు ఓడలను వరుసగా ముంచివేసెను. గస్తీ తిరుగుటకు నౌకాదళమునకు చాలినన్ని ఓడలు లేకుండెను. అప్పుడు విహారమునకై కట్టించుకొన్న తెరచాప పడవలు సముద్రము మీదికి పోయినవి. తెరచాపతో పోవు పడవకు ఇంజను చప్పుడుండదు. కావున నీటి అడుగున పొంచియున్న జలాంతర్గామికి దాని రాక సులభముగా వినబడదు. వేడుకకు కట్టిన పడవకు ఈ విధముగా ఒక విలువ వచ్చినది. ఆ దినములలో ఈ సేవలో చేరినవారిలో బోస్టన్ పాప్స్ వాద్యబృంద నిర్వాహకుడు ఆర్థర్ ఫీడ్లరు, నటుడు హంఫ్రీ బోగార్టు వంటి ప్రసిద్ధులును కలరు.

ఆ గస్తీ పడవలలో ఒకదాని కథ రేడియోలో పనిచేయు మాకు మరింత ఆసక్తికరము. దాని పేరు జైదా. నాయకుడు కర్టిస్ ఆర్నాల్. యుద్ధమునకు ముందు అతడు రేడియో నాటకములలో నటుడు, బక్ రోజర్స్ అను సాహసవీరుని పాత్రను మొదట రేడియోలో పలికినవాడు. 1942 డిసెంబరు మొదటివారమున జైదా పెనుగాలిలో చిక్కుకొన్నది. తెరచాపలు చినిగినవి, వెనుక కొయ్య విరిగినది. ఒక యుద్ధనౌక దానిని కనుగొనియు, ఆ తుపానులో మరల పోగొట్టుకొన్నది. పిమ్మట ఆ పడవకై విమానములు, ఓడలు విస్తారముగా వెదకినవి. తొమ్మండుగురు మనుష్యులు శీతకాలపు అట్లాంటిక్ సముద్రమున దాదాపు మూడు వారములు కొట్టుకొనిపోయిరి. తుదకు క్రిస్మసు పండుగకు కొద్దిదినములు ముందుగా, ఉత్తర కరోలినా తీరమునకు దగ్గరలో ఒక వాయునౌక వారిని కనిపెట్టినది. తొమ్మండుగురును ప్రాణములతో ఒడ్డు చేరిరి.

ఇట్టి కథలలో మనము మొదట ధైర్యమునే చూతుము. కాని యుద్ధము ముగిసిన పిదప ఆగ్జిలరీ వారు పెంపొందించిన పని ధైర్యమునకు సంబంధించినది కాదు; జాగ్రత్తకు సంబంధించినది. 1947లో వారు పడవలను మర్యాదపూర్వకముగా తనిఖీచేయు పద్ధతిని ఆరంభించిరి. యజమాని కోరినచో శిక్షణ పొందిన సభ్యుడు వచ్చి పడవను చూచును. ప్రతి మనిషికి సరిపోవు కొలతగల లైఫ్ జాకెట్టు ఉన్నదా, మంటలార్పు సాధనము పనిచేయునా, రాత్రి దీపములు వెలుగునా, ఆపదలో చూపవలసిన సంకేతపు వెలుగులు గడువు దాటినవా, ఇంజనుగదిలో పెట్రోలు ఆవిరి నిలువకుండ గాలి ఆడుచున్నదా అని ఒక్కొక్కటిగా పరీక్షించును. అన్నియు సరిగనున్నచో ఆ యేటికి ఒక చీటీ అంటించును. లోపమున్నచో చెప్పి దిద్దుకొనుమనును. జరిమానా లేదు, పోలీసులకు ఫిర్యాదు లేదు. శిక్షించు అధికారమే లేదు గనుక యజమాని దాపరికము లేక తానే పిలిచి చూపించును. అధికారము లేకపోవుటయే ఈ పనికి బలమైనది.

నీటిపైకి పోయి సహాయపడు సభ్యులకు మాత్రము శిక్షణ కఠినము. మంచి మనస్సు ఒక్కటే చాలదు. ఈత రానివాడు మునుగువానిని పట్టుకొన్నచో ఇద్దరును మునుగుదురు. కళాసిగా చేరువానికి నేర్వవలసిన పనుల పట్టిక ఒకటి కలదు. అనుభవజ్ఞుడు దగ్గరనుండి నేర్పి, ఒక్కొక్క పని వచ్చిన తరువాత సంతకము చేయును. మోకులకు ముడులు వేయుట, దూరమునకు త్రాడు విసరుట, దిక్సూచిని, నావికా పటమును చదువుట ఇందులోనివి. చెడిన పడవను మోకుతో లాగుచున్నప్పుడు ఆ మోకు సూటిలో నిలువరాదని నేర్పుదురు. బిగిసిన మోకు తెగి తగిలినచో ప్రాణమే పోవును. మనిషి నీట పడినప్పుడు చూచినవాడు కేకవేసి, వ్రేలితో అతనిని చూపుచు, రక్షించువరకు చూపు మరల్చరాదు. అలల నడుమ తల ఒక్కమారు కనుమరుగైనచో మరల కానవచ్చుట కష్టము. తప్పిపోయినవారిని వెదకుటకు, వారు తుదిసారి కనబడిన చోటినుండి చదరములుగా తిరుగుచు, ఆ చదరములను క్రమముగా పెంచుకొనుచు పోవలెను. దీనికి దిక్సూచి, గడియారము, ఓర్పు మూడును కావలెను. చుక్కాని పట్టు సరంగు కాగోరువాడు చీకటిలో కూడ దారి తప్పక పడవ నడిపి చూపవలెను. నేర్పినవాడు కాక వేరొక పరీక్షకుడు తుది నిర్ణయము చేయును. ఏటేట నియమిత కాలము నీటిపై పనిచేయనివాని అర్హత నిలువదు.

సామాన్యులకును వీరు తరగతులు నడుపుదురు. పోవు దారిని, తిరిగివచ్చు వేళను ఒడ్డుననున్న ఒకరికి తెలిపి పొమ్మందురు. సముద్రపు రేడియోలో 16వ చానెలు ఆపద పిలుపులది; “మేడే” అని మూడుమారులు పలికి, పడవ పేరును, ఉన్న చోటును, వచ్చిన ఆపదను, మనుష్యుల సంఖ్యను స్పష్టముగా చెప్పుట నేర్పుదురు. భయములో మాట తడబడును గనుక దీనిని ముందుగనే పలికి అలవాటు చేసికొనవలెను. మాటను వృత్తిగా గల మేము ఈ సత్యమును ఎరుగుదుము.

1971లో పడవల భద్రతకు దేశమంతటికి సమగ్రమైన చట్టము వచ్చినది. 1973లో అమెరికాలో విహారపు పడవల ప్రమాదములలో మరణించినవారు 1,754 మంది. పడవలు ఎంతో పెరిగియు, 2023లో ఆ సంఖ్య 564. చట్టము, మేలైన పడవలు, త్వరగా అందు సహాయము, ఇవి అన్నియు దీనికి కారణములే. ఆగ్జిలరీ వారి బోధనకును ఇందులో పాలు కలదు. ఐనను అదే 2023లో నీట మునిగి చనిపోయినవారిలో, వివరము తెలిసినంతవరకు, నూటికి 87 మంది లైఫ్ జాకెట్టు తొడుగుకొననివారే. జాకెట్టు పడవలో ఉండుట వేరు, ఒంటిమీద ఉండుట వేరు. తనిఖీచేయువాడు మొదటిదానిని మాత్రమే చూడగలడు. రెండవది ప్రయాణము చేయువాని చేతిలోనిది.

కావుననే ఈ చరిత్ర మన శ్రోతలకు పరాయిది కాదని మేము తలంచుచున్నాము. పుష్కరమునకో పెండ్లికో పడవ నెక్కి రేవు దాటు కుటుంబములు మన నదులపై నేటికిని కలవు. మోకు విప్పకముందే లైఫ్ జాకెట్టు అడిగి తీసికొని, పిల్లలకు తొడిగి, తామును తొడుగుకొనుటకు ఎవరును ఏ దళమునందును చేరనక్కరలేదు.