తంతి ఉద్యోగి నేర్చిన గణితము

మన పావగడ తాలూకాలో 2018 మార్చి 1వ తేదీన శక్తిస్థల సౌరవిద్యుత్కేంద్రము ప్రారంభమైనది. తిరుమణి మొదలగు ఐదు గ్రామముల రైతులు తమ మెట్టభూములను అమ్మక కౌలునకిచ్చిరి. సుమారు 13,000 ఎకరములలో నెలకొన్న ఆ కేంద్రము సామర్థ్యము 2,050 మెగావాట్లు. దానిని చూచి విద్యుత్ ఇంజనీరింగు చదువబోయిన పిల్లలలో మా మనుమడొకడు. విద్యుదయస్కాంత శాస్త్రమున తప్పి వాడు ఇంటికి వచ్చినపుడు మేము కోపించితిమి. మెట్రిక్యులేషనుతో చదువు ముగించి గుమాస్తాగిరిలో తల నెరసిన మాకు ఆ గణితమెట్టిదో తెలియదు. పిమ్మట దాని చరిత్ర చదివి సిగ్గుపడితిమి.

అయస్కాంత ప్రభావము మారినచో తీగచుట్టలో విద్యుత్తు పుట్టునని 1831లో ఫారడే కనుగొనెను. 1865లో మాక్స్‌వెల్ తన వ్యాసమున విద్యుదయస్కాంత సూత్రములను ఇరువది సమీకరణములుగా కూర్చెను. పొడవు, వెడల్పు, ఎత్తు, కాలము అను నాలుగింటిని బట్టియు మారు రాశులవి. వానికి బహుచలరాశి కలన గణితము కావలెను.

ఆలివర్ హెవిసైడ్ 1850లో లండనులో పేదయింట పుట్టెను. చెవుడుతో బాధపడుచు, పదునారేండ్లకే బడి మాని, తంతి ఉద్యోగమున చేరెను. 1873లో వెలువడిన మాక్స్‌వెల్ గ్రంథము అతనిని ఆకర్షించెను. కాని బడిలో నేర్చిన బీజగణితమైనను అప్పటికి చాలవరకు మరచియుండెను. 1874లో కొలువు వదలి, ఇంటనే కూర్చుండి, ఏండ్ల తరబడి స్వయముగా అభ్యసించెను. 1885 నాటికి సదిశ గణితముతో ఆ సమీకరణముల సారమును నాలుగింటిలో ఇమిడ్చెను. నేడు కళాశాలలలో బోధించునది ఆ రూపమే.

ఈ కథ విన్న మా మనుమడు మరల పుస్తకము పట్టెను. బడిలో కన్నడము, కళాశాలలో ఇంగ్లీషు చదివినవాడు, మొన్న సెలవులలో ఇంటి తెలుగులోనే మాకు పాఠము చెప్పెను. “తాతా, విద్యుదావేశము ఊట వంటిది, క్షేత్రము దానినుండి నలుదిక్కులకు వెడలును. ఆ వెడలుటను కొలుచునది డైవర్జెన్సు. అయస్కాంత క్షేత్రము మారుచున్నచో, దాని చుట్టు విద్యుత్ క్షేత్రము సుడిగాలివలె తిరుగును. ఆ సుడిని కొలుచునది కర్ల్. ట్రాన్స్‌ఫార్మరు పనిచేయుట ఆ సుడివలననే” అనెను.

మాకు లెక్క రాలేదు గాని, సంగతి తెలిసినది. తలిదండ్రులకు మా మనవి ఒకటే: హెవిసైడు వంటివానికే ఏండ్లు పట్టిన విద్యలో మన బిడ్డ ఒక ఏడు వెనుకబడినచో, వానిని నిందింపక మరికొంత గడువిండు.