తండ్రి పతకం కోసం తనయుల అన్వేషణ.. దక్కేదేది, దక్కనిదేది?

హబ్సిగూడ: సైన్యంలో పనిచేసి కన్నుమూసిన తండ్రికి రావలసిన పతకాన్ని ఆయన పోయాకైనా సాధించి ఇంటి గోడపై నిలపాలన్న కోరిక మాజీ సైనికుల కుటుంబాల్లో తరచుగా వినిపిస్తుంది. ఇనుప పెట్టెలో మిగిలిన డిశ్చార్జి బుక్, వెలిసిపోయిన రిబ్బను ముక్క, తండ్రి నోట విన్న యుద్ధ కథలు.. సాధారణంగా వారి చేతిలో ఉండే ఆధారాలు ఇవే. వీటితో ఎవరి తలుపు తట్టాలో తెలియక ఏళ్ల తరబడి తిరిగేవారున్నారు. అసలు చిక్కు మాత్రం తలుపు దగ్గర కాదు, అడిగే పతకం దగ్గరే మొదలవుతోంది. సైనిక పతకాలు రెండు తెగలు. ఒకటి శౌర్యానికి ఇచ్చేది, రెండోది సేవకు ఇచ్చేది. మొదటిదాన్ని కుటుంబం దరఖాస్తు చేసి తెచ్చుకోలేదు. రెండోది హక్కుగా అడగవచ్చు.

శౌర్య పతకం.. దరఖాస్తుకు అందనిది

పరమవీర చక్ర, మహావీర చక్ర, వీరచక్రలను 1950 జనవరి 26న నెలకొల్పి, 1947 ఆగస్టు 15 నుంచి వర్తింపజేశారు. ఇవి శత్రువు ఎదుట చూపిన తెగువకు ఇచ్చేవి. ఇతర సందర్భాల్లోని సాహసానికి 1952లో ఏర్పరచిన పతకాలకు 1967లో అశోక చక్ర, కీర్తి చక్ర, శౌర్య చక్ర అని పేర్లు మార్చారు. వీటన్నింటినీ మరణానంతరం ఇచ్చే వీలుంది. రాజ్యాంగంలోని 18వ అధికరణం బిరుదులను నిషేధిస్తూనే సైనిక, విద్యా సంబంధమైన విశిష్టతలను మినహాయించింది.

సిఫారసు పుట్టేది సైనికుడి యూనిట్‌లో. కమాండింగ్ అధికారి ప్రత్యక్ష సాక్షుల వాంగ్మూలాలతో పంపిన పత్రం బ్రిగేడ్, డివిజన్, కోర్, కమాండ్ మెట్లు దాటి సైనిక ప్రధాన కార్యాలయానికి, అక్కడి నుంచి రక్షణ శాఖకు, చివరకు రాష్ట్రపతి ఆమోదానికి చేరుతుంది. గణతంత్ర, స్వాతంత్ర్య దినోత్సవాల సందర్భంగా ప్రకటన వెలువడుతుంది. ఈ దారిలో కుటుంబం సంతకానికి చోటే లేదు.

ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివిన మేజర్ పద్మపాణి ఆచార్య ఉదంతం ఇందుకు చక్కని దృష్టాంతం. 2వ రాజపుతానా రైఫిల్స్‌లో కంపెనీ కమాండరుగా ఉన్న ఆయన 1999 జూన్ 28న కార్గిల్ సమరంలో శత్రు స్థావరంపై దాడికి నాయకత్వం వహించారు. తీవ్రంగా గాయపడినా తనను వదిలి ముందుకు సాగమని సహచరులను ఆదేశించి ప్రాణాలు విడిచారు. తండ్రి జగన్నాథ్ ఆచార్య వైమానిక దళంలో వింగ్ కమాండరుగా పదవీ విరమణ చేసినవారు. పుట్టబోయే బిడ్డ కోసం భార్యకు రోజూ మహాభారత కథ చెప్పమని పద్మపాణి యుద్ధభూమి నుంచి తండ్రికి రాసిన లేఖ ప్రసిద్ధమే. ఆ బిడ్డ తండ్రి మరణానంతరమే లోకాన్ని చూసింది. మహావీర చక్ర ఆ ఇంటికి వచ్చింది యూనిట్ పంపిన నివేదికతోనే గాని విజ్ఞాపనతో కాదు.

సూర్యాపేటకు చెందిన కల్నల్ బిక్కుమళ్ల సంతోష్‌బాబు విషయంలో ఇదే వ్యవస్థ మరో ముఖం కనిపించింది. 16వ బిహార్ రెజిమెంట్ కమాండింగ్ అధికారిగా 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో ఆయన అమరుడయ్యారు. 2021 గణతంత్ర దినోత్సవాన మహావీర చక్ర ప్రకటించగా, అదే ఏడాది నవంబరులో తల్లి, భార్య రాష్ట్రపతి చేతుల మీదుగా స్వీకరించారు. పరమవీర చక్ర ఇచ్చి ఉండవలసిందని, తమకు పూర్తి సంతృప్తి లేదని తండ్రి ఉపేందర్ అప్పట్లో బహిరంగంగానే చెప్పారు. దేశమంతా చూసిన ఘటనలోనే ఏ పతకమన్నది కుటుంబం మాటపై ఆధారపడలేదు. యాభై ఏళ్ల కిందటి పోరులో సాక్షులు కూడా కాలం చేసిన సైనికుడి విషయంలో కొత్త సిఫారసు ఎంత కష్టమో దీన్నిబట్టే ఊహించవచ్చు. గడువు మీరిన ఫైళ్లను తిరిగి తెరవకపోవడం సాధారణ పద్ధతి. ధైర్యసాహసాల అంచనా సైనికాధికారుల విచక్షణ అన్న కారణంతో న్యాయస్థానాలు సైతం ఆచితూచి వ్యవహరిస్తాయి.

తెరుచుకున్న తలుపులూ ఉన్నాయి

అమెరికాలో ఒక కుమార్తె పట్టుదల చట్టాన్నే మార్పించింది. మొదటి ప్రపంచ యుద్ధంలో 1918 ఆగస్టున ఫ్రాన్స్‌లో సార్జెంట్ విలియం షెమిన్ తుపాకీ గుళ్ల మధ్య బహిరంగ మైదానం దాటివెళ్లి మూడుసార్లు క్షతగాత్రులను మోసుకొచ్చారు. అధికారులు నేలకొరగగా తానే దళాన్ని నడిపారు. ఆయనకు అప్పట్లో రెండో స్థాయి పతకమే లభించింది. 1973లో మరణించారు. యూదుడైనందునే అత్యున్నత పతకం దక్కలేదన్నది కుటుంబం వాదన. రెండో ప్రపంచ యుద్ధంలో పోరాడిన యూదు సైనికుల రికార్డులను పునఃపరిశీలించే చట్టం 2001లో వచ్చినప్పుడు, మొదటి యుద్ధం వారి మాటేమిటని కుమార్తె ఎల్సీ షెమిన్ రోత్ ప్రశ్నించారు. ప్రజాప్రతినిధులను కలిసి, పాత పత్రాలు పోగుచేసి, 2011లో ఆ మేరకు చట్టం చేయించారు. 2015 జూన్ 2న ఎనభై ఏళ్లు దాటిన వయసులో సోదరితో కలిసి అధ్యక్షుడు ఒబామా చేతి నుంచి మెడల్ ఆఫ్ ఆనర్ అందుకున్నారు. తండ్రి సాహసానికి అప్పటికి 97 ఏళ్లు.

ఆస్ట్రేలియాలో టెడ్డీ షీన్ అనే పద్దెనిమిదేళ్ల నావికుడు 1942 డిసెంబరు 1న మునిగిపోతున్న నౌకపై తుపాకీకి తనను కట్టుకుని కాల్పులు జరుపుతూనే అసువులు బాశాడు. బంధువులు దశాబ్దాలపాటు పోరాడగా 2020లో విక్టోరియా క్రాస్ మంజూరైంది. ఈ రెండింటిలోనూ గమనించవలసింది ఒకటుంది. కన్నీళ్లకు కరిగి ఎవరూ పతకం ఇవ్వలేదు. ఘటన జరిగిన కాలంలోనే నమోదైన పత్రాలు దొరికాయి, వాటిని మళ్లీ చూడడానికి ప్రభుత్వం ప్రత్యేకంగా ఏర్పాటు చేసింది. మన దేశంలో అలాంటి సాధారణ పునఃపరిశీలన చట్టం లేదు. కనుక శౌర్య పతకం కోసం పట్టుబట్టే ముందు, తండ్రికి నిశ్చయంగా రావలసిన పతకాలు వచ్చాయో లేదో చూసుకోవడం విజ్ఞత.

హక్కుగా రావలసినవి

1965 యుద్ధానికి సమరసేవా స్టార్, రక్షా మెడల్ ఉన్నాయి. 1971లో తూర్పు రంగాన ఉన్నవారికి పూర్వీ స్టార్, పడమటి రంగాన ఉన్నవారికి పశ్చిమీ స్టార్, వీటితోపాటు సంగ్రామ్ మెడల్. కార్గిల్‌కు ఆపరేషన్ విజయ్ పతకాలు. సియాచిన్‌లో పనిచేసిన వారికి ప్రత్యేక పతకం. తొమ్మిదేళ్లు, ఇరవై ఏళ్లు, ముప్పై ఏళ్ల సర్వీసుకు వేర్వేరుగా ఉన్నాయి. స్వాతంత్ర్య రజతోత్సవం నాడు సర్వీసులో ఉన్నందుకూ ఒక పతకం ఉంది. వీటికి సాహసం రుజువు చేయనక్కరలేదు. నిర్ణీత కాలంలో నిర్ణీత ప్రాంతంలో సేవ చేసినట్టు రికార్డు చెబితే చాలు.

మరి అవి ఇంటికెందుకు చేరలేదు? పతకం ప్రకటించాక ముద్రించి, పేరు చెక్కి, యూనిట్‌కు పంపేలోగా ఎందరో పదవీ విరమణ చేసి ఊళ్లకు వెళ్లిపోయారు. కొందరికి రిబ్బను మాత్రమే అందింది. సర్వీసులో ఉన్న జవాన్లే కవాతు కోసం బజారు దుకాణాల్లో నకళ్లు కొనుక్కున్న కాలం ఒకటుంది. బకాయిలు తీర్చేందుకు 2020లో రక్షణ శాఖ 17 లక్షలకు పైగా సేవా పతకాల తయారీకి ఆమోదం తెలపవలసి వచ్చిందంటే పరిస్థితి అర్థమవుతుంది.

అసలు పతకానికి, బజారు నకలుకు తేడా అంచున తెలుస్తుంది. అసలు పతకం అంచుపై సైనిక నంబరు, హోదా, పేరు, యూనిట్ సాధారణంగా చెక్కి ఉంటాయి. భూతద్దంతో చూస్తే కనిపించే ఆ ఒక్క వరుసే కుటుంబానికి అన్నింటికన్నా పెద్ద ఆధారం. ఇక్కడే తెలుగువారికి ప్రత్యేకమైన చిక్కు ఎదురవుతుంది. భర్తీ సమయంలో గుమస్తా విన్నట్టుగా ఇంగ్లిషులో రాసుకున్న పేరు, ఇంటిపేరు ముందో వెనకో పడడం, ఆధార్‌లోనూ మరణ ధ్రువపత్రంలోనూ మరో తీరుగా ఉండడంతో తండ్రి ఒకరే అని నిరూపించుకోవడానికి ప్రమాణపత్రం రాయించుకోవలసి వస్తోంది.

ఏ రికార్డు ఎక్కడ?

సైనికుడి చరిత్ర అతని రెజిమెంటు రికార్డు కార్యాలయంలో ఉంటుంది. పతకాల మంజూరు పార్ట్-2 ఆర్డర్లలో నమోదవుతుంది. హబ్సిగూడ, తార్నాక వాసులకు ఒక సౌలభ్యం ఏమిటంటే ఈఎంఈ, ఆర్డ్‌నెన్స్ కోర్ రికార్డు కార్యాలయాలు రెండూ సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లోనే ఉన్నాయి. మద్రాస్ రెజిమెంటుకు నీలగిరిలోని వెల్లింగ్టన్, మద్రాస్ ఇంజినీర్ గ్రూపునకు బెంగళూరు, ఆర్టిలరీకి నాసిక్ రోడ్, సిగ్నల్స్‌కు జబల్‌పూర్. వైమానిక దళానికి ఢిల్లీలోని సుబ్రతో పార్క్, నావికులకు ముంబయిలోని బ్యూరో ఆఫ్ సెయిలర్స్.

నిజాం కాలపు సైనికుల వారసులది వేరే కథ. వారిలో చాలామంది ‘హైదరాబాద్’ అన్న మాట చూడగానే తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌కు వెళ్తారు. తొందరపడకూడదు. పతకం అంచున 19వ హైదరాబాద్ రెజిమెంట్ అని ఉంటే అది నిజాం సొంత సైన్యం కాదు, బ్రిటిష్ ఇండియా సైన్యంలోని రెజిమెంటు. 1945లో దాని పేరు కుమావూ రెజిమెంటుగా మారింది. దాని రికార్డులు హిమాలయాల్లోని రాణీఖేత్‌లో ఉంటాయి. తొలి పరమవీర చక్ర గ్రహీత, 1947 నవంబరు 3న శ్రీనగర్ సమీపాన నేలకొరిగిన మేజర్ సోమనాథ్ శర్మ మొదట చేరింది ఈ హైదరాబాద్ రెజిమెంటులోనే. అంచున హైదరాబాద్ ఇన్ఫాంట్రీ అనో, హైదరాబాద్ లాన్సర్స్ అనో ఉంటే మాత్రం అది సంస్థాన సైన్యం. 1941 డిసెంబరులో జపాన్ సేనలు మలయాలో దిగినప్పుడు కోటభారు వద్ద 1వ హైదరాబాద్ ఇన్ఫాంట్రీ ఉంది. 1948 సెప్టెంబరు సైనిక చర్య అనంతరం సంస్థాన దళాలు చాలావరకు రద్దయ్యాయి.

అలాంటి వారికి తార్నాక ఆర్కైవ్స్ తొలి మజిలీ అవుతుంది. షాజహాన్, ఔరంగజేబుల కాలంలో దక్కన్‌లో పనిచేసిన సైనికుల, గుర్రాల ఆనవాళ్లు రాసిన హాజరు పత్రాలు సైతం అక్కడ భద్రంగా ఉన్నాయి. నిజాం ప్రభుత్వ శాఖల దస్త్రాలు పారసీ, ఉర్దూ భాషల్లో ఉంటాయి. తాతగారి పేరు ఎదురుగా ఉన్నా మనవడు చదవలేని పరిస్థితి. ఉర్దూ బోధన భాషగా 1918లో వెలసిన విశ్వవిద్యాలయం కూతవేటు దూరంలో ఉన్నందున చదివి చెప్పేవారిని వెతుక్కోవడం ఇక్కడ మరీ కష్టం కాదు. హబ్సిగూడ పేరులోని ‘హబ్సీ’ అన్న మాటే ఆఫ్రికా నుంచి వచ్చినవారిని సూచిస్తుంది. వారిలో నిజాం అశ్విక దళంలో పనిచేసినవారి జ్ఞాపకం నగరంలోని ఏసీ గార్డ్స్ పేరులో మిగిలింది.

దరఖాస్తు ఇలా

తండ్రి సైనిక నంబరు, హోదా, యూనిట్, చేరిన తేదీ, విడుదలైన తేదీలతో రికార్డు కార్యాలయానికి లేఖ రాయాలి. డిశ్చార్జి బుక్, పింఛను ఉత్తర్వు, మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం నకళ్లు జత చేయాలి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా పంపితే జవాబు రాబట్టడం తేలిక. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. 2016లో జిల్లాల పునర్విభజన తర్వాత హబ్సిగూడ మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోకి వెళ్లగా, ఉస్మానియా ప్రాంగణం హైదరాబాద్ జిల్లాలో ఉంది. రోడ్డుకు ఏ పక్కన నివాసమో చూసుకుని కార్యాలయానికి వెళ్లడం మేలు. ‘మా నాన్నకు పతకం ఇవ్వండి’ అని రాసేకన్నా, ‘మా నాన్న ఏయే పతకాలకు అర్హులు, వాటిలో ఏవి జారీ అయ్యాయి’ అని అడిగితే సూటిగా జవాబు వస్తుంది. జవాబు రాకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉండనే ఉంది.

తల్లి జీవించి ఉంటే దరఖాస్తు ఆమె పేరుతో వెళ్లడమే సబబు. ఆమె లేని పక్షంలో పతకం ఒకటి, పిల్లలు నలుగురు అన్న సమస్య తలెత్తుతుంది. మిగిలినవారి సమ్మతి పత్రం ముందుగానే రాయించుకుంటే తగవుండదు.

డబ్బు విషయంలోనూ స్పష్టత అవసరం. సేవా పతకాలకు నెలవారీ భృతి ఉండదు. శౌర్య పతకాలకు ఉంది. 2017 ఆగస్టు 1 నుంచి అమలైన రేట్ల ప్రకారం పరమవీర చక్రకు నెలకు రూ.20,000, అశోక చక్రకు రూ.12,000, మహావీర చక్రకు రూ.10,000, వీరచక్రకు రూ.7,000 చొప్పున నిర్ణయించారు. అది భార్యకు, అవివాహితుడైతే తల్లిదండ్రులకు చెందుతుంది. భార్య పునర్వివాహంపై ఉన్న షరతును 2017లో తొలగించారు. ఉద్యోగాలు చేసుకుంటున్న వయోజన కుమారులకు ఈ భృతి సంక్రమించదు.

స్వాతంత్ర్యానంతర పోరాటాల్లో అమరులైన వారి పేర్లను ఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25న జాతికి అంకితమైన జాతీయ యుద్ధ స్మారకం గోడలపై చెక్కారు. ప్రారంభం నాటికే అవి 25 వేలు దాటాయి. యుద్ధంలో కన్నుమూసిన తండ్రి పేరు అక్కడ ఉందో లేదో కుటుంబీకులు చూసుకోవచ్చు. సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్‌లోని వీరుల సైనిక స్మారకం వంటి చోట్ల జరిగే నివాళి కార్యక్రమాలకు అమరుల కుటుంబీకులు పతకాలు ధరించి హాజరు కావచ్చు. సైనికుడు ఎడమవైపు ధరించే పతకాన్ని వారు కుడివైపు ఛాతీపై పెట్టుకోవాలి.