భారతదేశంలో మరణశిక్ష: ‘అరుదైన వాటిలో అత్యంత అరుదైన’ కొలమానం

భారతదేశంలో హత్యకు యావజ్జీవం గానీ, ఉరి గానీ విధించవచ్చు. 1955 సవరణకు ముందు హంతకుడికి ఉరి వేయకపోతే జడ్జి కారణం రాయాల్సి వచ్చేది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ దాన్ని తిరగేసి, ఉరి వేస్తేనే ప్రత్యేక కారణాలు రాయాలంది. ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఈడిగ అన్నమ్మ కేసులో (1974) జస్టిస్ కృష్ణయ్యర్ ఆమె వయసును, బతుకు పరిస్థితులను లెక్కలోకి తీసుకుని ఉరిని యావజ్జీవంగా మార్చారు. బచ్చన్ సింగ్ కేసులో (1980) అయిదుగురు జడ్జీల ధర్మాసనం నలుగురి మెజారిటీతో మరణశిక్ష రాజ్యాంగబద్ధమేనని తేల్చింది. అయితే ‘అరుదైన వాటిలో అత్యంత అరుదైన’ కేసులకే దాన్ని పరిమితం చేసి, నేరంతో పాటు నేరస్తుణ్నీ చూడాలంది. ఈ కొలత జడ్జిని బట్టి మారుతుందని జస్టిస్ భగవతి విభేదించారు. తరువాతి చరిత్ర ఆయన వైపే నిలిచింది.

ఉత్తరప్రదేశ్‌లో ఒకే హత్యాకాండలో, ఒకే రకమైన పాత్రకు ముగ్గురికి ఉరి పడింది. సుప్రీంకోర్టులో వారి అప్పీళ్లు వేర్వేరు బెంచీల ముందుకు విడివిడిగా వెళ్లాయి. ఒకరి శిక్ష యావజ్జీవంగా మారింది, ఇంకొకరిని 1981 అక్టోబరులో ఉరి తీశారు. మూడో వ్యక్తి చివరి నిమిషంలో స్టే తెచ్చుకున్నాడు. 1982లో అతని శిక్ష తగ్గించాలని కోర్టే రాష్ట్రపతికి సిఫారసు చేసింది. ఇక 2009లో సంతోష్ బరియార్ కేసులో సుప్రీంకోర్టు, రావ్‌జీ అనే వ్యక్తికి ఉరిని ఖాయం చేసిన తన 1996 నాటి తీర్పును బచ్చన్ సింగ్ సూత్రానికి విరుద్ధమైనదిగా తేల్చింది. నేరస్తుణ్ని పక్కనపెట్టి నేరాన్నే చూశారన్నది అందులోని లోపం. రావ్‌జీని ఉరి తీసి అప్పటికే పదమూడేళ్లు. చిలకలూరిపేట దగ్గర 1993లో బస్సు తగలబడి 23 మంది చనిపోయిన కేసులోనూ సుప్రీంకోర్టు ఇద్దరు దళిత యువకుల ఉరిని ఖాయం చేసింది. పౌరహక్కుల సంఘాలు ఉద్యమించాక, 1998లో రాష్ట్రపతి కె.ఆర్.నారాయణన్ దాన్ని తగ్గించారు. అంటే వారిని కాపాడింది కోర్టు కొలమానం కాదు.

ఏ శిక్షలోనైనా పొరపాట్లు తప్పవనీ, అందుకే హైకోర్టు ధ్రువీకరణ, అప్పీలు, క్షమాభిక్ష ఉన్నాయనీ సమర్థకులు అంటారు. నిజమే, ఇన్ని అంచెలు మరే శిక్షకూ లేవు. అయినా మహారాష్ట్రలో సంచార జాతులకు చెందిన ఆరుగురి కేసు హైకోర్టు దాటి వచ్చాకే, 2009లో సుప్రీంకోర్టు ఆరుగురికీ ఉరి విధించింది. 2019లో అదే కోర్టు వారిని నిర్దోషులని విడుదల చేసింది. ఈలోగా ఉరి అమలై ఉంటే ఆ తీర్పు ఎవరికి ఉపయోగం? బాధిత కుటుంబాల మాట ఇంకా బరువైనది. కాని వారు కోరేది నేరస్తుడు మళ్లీ బయటికి రాకూడదని అయితే, రెమిషన్ (శిక్షాకాలం తగ్గింపు) లేని జీవితఖైదు విధించవచ్చని 2015లో రాజ్యాంగ ధర్మాసనమే చెప్పింది. ఉరి భయం నేరాలను ఆపుతుందన్న వాదన విషయానికొస్తే, ఉరికి యావజ్జీవాన్ని మించిన ప్రభావం రుజువు కాలేదని లా కమిషన్ 262వ నివేదిక (2015) తేల్చింది.

ఉగ్రవాదం, దేశంపై యుద్ధం మినహా మరణశిక్షను రద్దు చేయాలని ఆ నివేదిక సూచించింది. ఆ మినహాయింపుకు తర్కం కన్నా రాజకీయ జాగ్రత్తే కారణమనిపిస్తుంది. బెంచీని బట్టి మారే కొలత ఉగ్రవాద కేసుల్లో మాత్రం నిలకడగా ఉంటుందా? చట్టసభలు మాత్రం ఎదురుదిశలో నడిచాయి. 2018లో పన్నెండేళ్ల లోపు బాలికలపై అత్యాచారానికి ఉరిని చేర్చారు. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత మూకహత్యను కూడా ఉరి పడగల నేరాల జాబితాలో కలిపింది.