కౌబాయ్ రివాల్వర్ కొంటున్నారా? ఒరిజినలా, రెప్లికానా.. ముందు ఇవి తెలుసుకోండి!

కౌబాయ్ సినిమా అనగానే గుర్రం, టోపీతో పాటు గుర్తొచ్చేది నడుముకు వేలాడే రివాల్వర్. 1971లో కృష్ణ ‘మోసగాళ్లకు మోసగాడు’, 2002లో మహేశ్ బాబు ‘టక్కరి దొంగ’ చూసిన తెలుగు ప్రేక్షకులకు ఆ లుక్ కొత్తేమీ కాదు. ఆ లుక్ అనగానే ప్రపంచమంతా గుర్తుపట్టే తుపాకీ కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ. 1873లో అమెరికా సైన్యం చేతికి వచ్చిన ఈ రివాల్వర్‌కు ‘పీస్‌మేకర్’ అనే పేరు కూడా ఉంది.

150 ఏళ్లు దాటినా అమెరికాలో దీని క్రేజ్ తగ్గలేదు. పాతవి వేలంలో అమ్ముడవుతున్నాయి. అచ్చం అలాగే ఉండే కొత్తవి ఫ్యాక్టరీల నుంచి వస్తూనే ఉన్నాయి. మరి కొనేవాళ్లు ఏది ఎంచుకోవాలి? ఇక్కడ పొరపాటు చేస్తే డబ్బు పోవడంతో ఆగదు. చేతికి గాయం కావొచ్చు. వీసా మీద ఉన్నవాళ్లయితే జైలు దాకా వెళ్లొచ్చు.

అసలు సింగిల్ యాక్షన్ అంటే ఏంటి?

ప్రతి షాట్‌కు ముందు బొటనవేలితో హ్యామర్‌ను వెనక్కి లాగాలి. అప్పుడు సిలిండర్ తిరిగి తర్వాతి తూటా బ్యారెల్‌కు ఎదురుగా వస్తుంది. ట్రిగ్గర్ చేసే పని ఒక్కటే.. హ్యామర్‌ను వదిలేయడం. అందుకే సింగిల్ యాక్షన్ అంటారు. తూటాలను కుడివైపున్న చిన్న గేటు తెరిచి ఒక్కొక్కటిగా వేయాలి. ఖాళీ షెల్స్‌ను కూడా ఒక్కొక్కటిగానే తోసి తీయాలి.

‘ఒరిజినల్’లోనూ మూడు రకాలు

కోల్ట్ పేరున్న ప్రతిదీ ఒకే కాలం నాటిది కాదు. కలెక్టర్లు వీటిని మూడు తరాలుగా చూస్తారు. 1873 నుంచి రెండో ప్రపంచ యుద్ధం దాకా తయారైనవి మొదటి తరం. టీవీలో వెస్టర్న్ సీరియళ్లు ఊపేస్తున్న రోజుల్లో, అంటే 1956లో, కంపెనీ మళ్లీ మొదలుపెట్టినవి రెండో తరం. 1976 నుంచి వచ్చినవి మూడో తరం. ఇప్పుడు కోల్ట్ కంపెనీ 2021 నుంచి సీజడ్ గ్రూప్ చేతిలో ఉంది.

అసలైన చారిత్రక విలువ మొదటి తరానిదే. వీటిలో బ్యారెల్ పొడవు ప్రధానంగా మూడు రకాలు: ఏడున్నర అంగుళాలు, ఐదున్నర అంగుళాలు, నాలుగు ముప్పావు అంగుళాలు. అశ్విక దళానికి ఇచ్చినవి ఏడున్నర అంగుళాలవి. సైన్యం కొన్న వాటిపై ఫ్రేమ్ ఎడమవైపు ‘యూఎస్’ ముద్ర ఉంటుంది. ఆ ముద్ర నిజమైనదైతే రేటు ఒక్కసారిగా పెరిగిపోతుంది.

పాత తుపాకీలో కొత్త తూటా.. డేంజర్!

అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం 1898లో గానీ అంతకు ముందు గానీ తయారైన తుపాకీ ‘యాంటిక్’. మామూలు తుపాకీకి ఉండే ఫెడరల్ బ్యాక్‌గ్రౌండ్ చెక్ దీనికి వర్తించదు. కొన్ని రాష్ట్రాల రూల్స్ మాత్రం వేరేగా ఉంటాయి. చెక్ లేదు కదా అని చాలామంది పాతదాని వైపే మొగ్గు చూపుతారు. అసలు మెలిక ఇక్కడే ఉంది.

ఆ రోజుల్లో తూటాల్లో వాడింది బ్లాక్ పౌడర్. కాలిస్తే దట్టమైన పొగ వస్తుంది, ఒత్తిడి తక్కువగా ఉంటుంది. తర్వాత వచ్చిన స్మోక్‌లెస్ పౌడర్‌తో ఒత్తిడి పెరిగే తీరే వేరు. స్మోక్‌లెస్ తూటాలకు తమ రివాల్వర్ తట్టుకుంటుందని కోల్ట్ కంపెనీ హామీ ఇచ్చింది 1900లో. సీరియల్ నంబర్ లెక్కన చూస్తే సుమారు 1,92,000 నుంచి. అంటే ఏంటి? చట్టం దృష్టిలో ‘యాంటిక్’ అయిన ప్రతి పీస్‌మేకర్ ఆ హామీ కంటే ముందుదే. కొనడం తేలికైన తుపాకీయే కాల్చడానికి ప్రమాదకరమైనది!

ఇంకో చిక్కు కూడా ఉంది. అప్పటి .45 కోల్ట్ తూటా అదే పేరుతో ఇప్పటికీ షాపుల్లో దొరుకుతుంది. పాత సిలిండర్‌లోకి సాఫీగా వెళ్లిపోతుంది. కానీ లోపల ఉన్నది స్మోక్‌లెస్ పౌడర్. పాత లోహానికి అది భారమై సిలిండర్ పగిలితే ముందు దెబ్బతినేది కాల్చినవాళ్ల చెయ్యి, ముఖం. అందుకే 1900కు ముందుదాన్ని షోకేస్‌కే పరిమితం చేయడం మంచిది. కాల్చి తీరాలంటే అనుభవమున్న గన్‌స్మిత్‌కు చూపించాలి, బ్లాక్ పౌడర్ తూటాలే వాడాలి.

నకిలీని ఎలా పట్టుకోవాలి?

1876లో లిటిల్ బిగ్‌హార్న్ యుద్ధంలో కస్టర్ నాయకత్వంలోని సెవెంత్ కావల్రీ దగ్గర ఈ కోల్ట్‌లే ఉన్నాయి. ఆ కాలం నాటి ముద్రలున్న వాటికి గిరాకీ ఎక్కువ, దొంగ ముద్రలూ ఎక్కువే. కొనేముందు చూడాల్సినవి ఇవీ..

* సీరియల్ నంబర్: ఫ్రేమ్ అడుగున, ట్రిగ్గర్ గార్డ్‌పై, బ్యాక్‌స్ట్రాప్‌పై మూడు చోట్లా ఒకటే ఉండాలి. తేడా ఉంటే వేర్వేరు తుపాకుల భాగాలు కలిపారని అర్థం. సైన్యమే 1890ల చివర్లో బ్యారెళ్లు ఐదున్నర అంగుళాలకు కోయించి భాగాలు కలిపేసిన ‘ఆర్టిలరీ’ మోడళ్లు ఇందుకు మినహాయింపు.

* అక్షరాల అంచులు: ముద్రలు అరిగి మెత్తబడి, పైన మెరుపు మాత్రం కొత్తగా ఉందా? మళ్లీ పాలిష్ చేశారన్నమాట. విలువ బాగా పడిపోతుంది.

* ఇటలీ ముద్రలు: ఇటలీలో తయారైన రెప్లికాలపై ప్రూఫ్ హౌస్ గుర్తులు, తయారైన ఏడాదిని చెప్పే కోడ్ ఉంటాయి. అవి ఉండాల్సిన చోట గీకినట్లు కనిపిస్తే రెప్లికాకు పాత వేషం వేశారేమో అనుమానించాలి.

* ఫ్యాక్టరీ లెటర్: ఫీజు కడితే కోల్ట్ ఆర్కైవ్స్ విభాగం పాత రికార్డులు వెతికి లెటర్ ఇస్తుంది. ఏ రోజు పంపారు, ఎవరికి పంపారు, బ్యారెల్ ఎంత, ఫినిష్ ఏంటి అనేవి ఉంటాయి. అయితే ఫ్యాక్టరీ నుంచి ఎలా వెళ్లిందో మాత్రమే అది చెబుతుంది. ఇప్పుడు చేతిలో ఉన్నది అలాగే ఉందో లేదో కొనేవాళ్లే పోల్చి చూసుకోవాలి.

రెప్లికాల్లో ఏముంది?

ఈ మార్కెట్‌లో పెద్ద పేరు ఇటలీ కంపెనీ ఉబెర్టీ. అమెరికా అంతర్యుద్ధం వందేళ్ల వేడుకలు దగ్గరపడుతున్న 1959లో పాత కోల్ట్‌ల నకళ్లతో మొదలైంది. ఇప్పుడు బెరెట్టా గ్రూప్‌లో ఉంది. పియెట్టా కూడా ఇటలీదే. అమెరికాలో సిమరాన్, టేలర్స్ లాంటి కంపెనీలు ఈ ఇటలీ తుపాకులను తమ పేరుతో అమ్ముతాయి.

వీటి ధర సాధారణంగా వందల డాలర్లలో ఉంటుంది. మంచి మొదటి తరం కోల్ట్ అయితే వేల డాలర్లు. రెప్లికాలో వాడేది ఇప్పటి ఉక్కు కాబట్టి షాపుల్లో దొరికే మామూలు తూటాలు వాడొచ్చు. .357 మ్యాగ్నమ్ మోడల్ తీసుకుంటే అందులో తక్కువ ఖర్చయ్యే .38 స్పెషల్ కూడా పనిచేస్తుంది. ప్రాక్టీస్ చేసేవాళ్లకు ఇది పెద్ద లాభం. రూగర్ బ్లాక్‌హాక్ లాంటి పెద్ద ఫ్రేమ్ తుపాకుల కోసం చేసిన హెవీ .45 తూటాలు మాత్రం కోల్ట్ సైజు రెప్లికాల్లో వాడకూడదు.

ఆరు గదులు.. ఐదే తూటాలు

పాత కోల్ట్‌కు, దాన్ని అచ్చుగుద్దినట్లు చేసిన రెప్లికాలకు ఒకటే బలహీనత. ఆరు తూటాలూ వేస్తే హ్యామర్ సూది నేరుగా ఒక తూటా మీద ఆనుకుని ఉంటుంది. తుపాకీ కింద పడినా, హ్యామర్‌కు దెబ్బ తగిలినా పేలిపోవచ్చు. అందుకే ఐదే వేసి, హ్యామర్ కింద గదిని ఖాళీగా ఉంచడం రూల్. 1987లో మొదలైన సింగిల్ యాక్షన్ షూటింగ్ సొసైటీ పోటీల్లోనూ ఇదే పద్ధతి.

అమెరికా కంపెనీ రూగర్ 1973లో ‘ట్రాన్స్‌ఫర్ బార్’ తెచ్చింది. ట్రిగ్గర్ నొక్కితేనే హ్యామర్ దెబ్బ తూటాకు చేరుతుంది. అందుకే కొత్త రూగర్‌లలో ఆరూ వేయొచ్చు. అంతకు ముందు చేసిన తన పాత మోడళ్లకు ఆ కంపెనీ ఉచితంగా సేఫ్టీ కిట్ బిగించి ఇస్తోంది. చేతిలో ఉన్న తుపాకీ ఏ రకమో తేల్చుకోలేకపోతే ఐదే వేయాలి.

షాపులో చూడాల్సినవి

ముందుగా గేటు తెరిచి, ఆరు గదులూ ఖాళీయేనని కళ్లారా చూసుకోవాలి. తర్వాత షాపు వాళ్లను అడిగి హ్యామర్‌ను మెల్లగా వెనక్కి లాగాలి. హ్యామర్ పూర్తిగా వెనక్కి వచ్చేసరికి సిలిండర్ లాక్ అవ్వాలి. ఆ తర్వాత సిలిండర్ బాగా ఊగుతున్నా, సగం దూరంలో హ్యామర్ నిలబడకుండా జారుతున్నా అది వద్దు. బ్యారెల్ లోపల గుంటలు, ఉబ్బు ఉన్నాయేమో లైట్ వేసి చూడాలి.

వీసా మీద ఉన్నారా? జాగ్రత్త!

అమెరికాలోని మనవాళ్లు తప్పక తెలుసుకోవాల్సిన పాయింట్ ఇది. ఎఫ్-1, హెచ్-1బీ లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసాపై వెళ్లినవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ ఉండటం లాంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. రెప్లికా అంటే బొమ్మ కాదు. తూటా పేల్చే ప్రతి కొత్త రెప్లికా చట్టం దృష్టిలో పూర్తి స్థాయి తుపాకీయే. ఉల్లంఘిస్తే 15 ఏళ్ల వరకు జైలు శిక్ష పడొచ్చు, దేశం నుంచి పంపించేయొచ్చు కూడా. కాబట్టి కొనాలనుకుంటే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ను అడగడం సేఫ్.

గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు కొనొచ్చు. అయితే డీలర్ దగ్గర హ్యాండ్‌గన్ కొనాలంటే 21 ఏళ్లు నిండాలి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ పాస్ కావాలి. రాష్ట్రాన్ని బట్టి ఇంకా కఠినమైన రూల్స్ ఉంటాయి.

ఇండియాకు గుర్తుగా తెచ్చుకుందామనే ఆలోచన అస్సలు వద్దు. మన దగ్గర 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్స్ తప్పనిసరి. బ్యాగులో మర్చిపోయిన ఒక్క తూటా దొరికినా ఎయిర్‌పోర్టులో కేసు పెట్టే అవకాశం ఉంది.

ఫైనల్‌గా ఏది బెటర్?

చరిత్రను దాచుకోవాలంటే, రికార్డులు సరిపోలిన మొదటి తరం కోల్ట్. కోల్ట్ పేరూ కావాలి, కాల్చడమూ కావాలంటే రెండో లేదా మూడో తరం. వారం వారం రేంజ్‌కు వెళ్లేవాళ్లకు ఇటలీ రెప్లికా చాలు. సేఫ్టీయే ముందు అనుకుంటే ట్రాన్స్‌ఫర్ బార్ ఉన్న రూగర్. దాచుకోవడానికా, కాల్చడానికా అన్నది ముందే తేల్చుకుని షాపుకెళ్తే సగం తలనొప్పి తగ్గినట్టే.