శనివారవాడలోని పిలుపు: ఒక రాజగృహ జనశ్రుతి పరిశీలనము

పురాతన రాజగృహములను గూర్చి ప్రజలలో ప్రచారమునందున్న పిశాచగాథలను చరిత్రకారులు సాధారణముగా రెండు విధముల త్రోసిపుచ్చుచుందురు: కొందఱు వానిని మూఢవిశ్వాసములని విడనాడుదురు; మఱికొందఱు యాత్రికుల వినోదార్థము పుట్టిన కట్టుకథలని చిఱునవ్వుతో దాటిపోవుదురు. అంతమాత్రమున విచారణ ముగిసినట్లు గాదు. ఒక్క కప్పు క్రింద పెక్కు మరణములు సంభవించియుండగా లోకము వానిలో ఒక్కదానినే ఏల పట్టుకొని యుండును, ఆ మృతుని నోట ఒక్క మాటనే ఏల పలికించును అను ప్రశ్నలకు మూఢవిశ్వాసమన్న పేరు సమాధానము కానేరదు. పుణె నగరమధ్యమున శిథిలమై నిలిచియున్న, మరాఠా రాజ్యపు ప్రధానులైన పీష్వాల నివాసమగు శనివారవాడను ఉదాహరణముగా గైకొని, అచ్చటి గాథలను చరిత్రతో సరిపోల్చి, ఈ ప్రశ్నలకు సమాధానము వెదకుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

మొదటి బాజీరావు 1730 జనవరి 10వ తేదీ శనివారమునాడు ఈ వాడకు శంకుస్థాపన చేయించెను. 1732 జనవరి 22వ తేదీని, అదియు శనివారమే, గృహప్రవేశము జరిగెను. ఆ వారమే ఇంటికి పేరయ్యెను. టేకు దూలములు జున్నరు అడవులనుండియు, రాయి చించ్‌వడ్ గనులనుండియు, సున్నము జేజూరినుండియు వచ్చెననియు, వ్యయము మొత్తము 16,110 రూపాయలనియు చెప్పుదురు. ఈ స్థలమునే ఏల యెన్నుకొనెననుటకు ఒక స్థలగాథ కలదు: ఇచ్చట ఒక కుందేలు వేటకుక్కను తఱుముచుండగా కనుగొని బాజీరావు ఇది వీరభూమియని నిశ్చయించెనట. విజయనగర నిర్మాణమును గూర్చి ఇట్టి కథనే తెలుగువారు తరతరములుగా చెప్పుకొనుచున్నారు గనుక, ఇది ఏ యొక్క పట్టణమునకును సొంతము గాని సంచారకథయని వేఱుగ నిరూపింప బనిలేదు. వాడ పుట్టుకను గూర్చిన కథ ఇట్లు ఎరువు సొమ్ము కాగా, అచ్చట 1773లో జరిగిన పీష్వా నారాయణరావు హత్యను గూర్చిన కథ మాత్రము మఱియొక చోట నాటిన బ్రతుకనిది. ఈ భేదమే మన విచారణకు మూలము.

ఉత్తరముఖమైన ఢిల్లీ దర్వాజా తలుపులను దగ్గఱనుండి పరికించినవారికి ఆ గృహనిర్మాతల భయమెట్టిదో బోధపడును. ఒక్కొక్క తలుపుపై 72 ఉక్కుముళ్లు, జానెడుకంటె పొడవైనవి, వరుసలు తీరి బయటికి పొడుచుకొని యున్నవి. ఏనుగును తోలి తలుపు బ్రద్దలు కొట్టింపజూచు శత్రువునకు అవి ప్రత్యుత్తరము. తలుపు దాటినను త్రోవ తిన్నగా సాగక వంపు తిరుగును గనుక, చొరబడిన సైన్యము ఒక్క ఊపున లోనికి దూసుకొనిపోవుటకు వీలు లేదు. గోడలకు తొమ్మిది బురుజులు. ఇంత జాగ్రత్తయు బయటినుండి రాదగిన శత్రువును గుఱించినదే. 1773లో మృత్యువు వచ్చినది ఆ యింటి జీతము తినువారి చేతిమీదుగా, ఆ యింటనే నిర్బంధమున నున్న బంధువు కారణముగా.

1772 నవంబరులో మాధవరావు పీష్వా క్షయరోగముతో థేవూరున మరణింపగా, అతని తమ్ముడు నారాయణరావు పదునేడేండ్ల ప్రాయమున గద్దె నెక్కెను. తండ్రికి తమ్ముడైన రఘునాథరావు ఆ పదవి తనకు దక్కవలసినదని తలంచినవాడు. అంతఃకలహములకు దిగి ఓడి, వాడలోనే కావలిలో నుండినవాడు. 1773 ఆగస్టు 30వ తేదీని, వినాయకోత్సవముల రోజులలో, బకాయిపడిన జీతములు చెల్లింపుమని కేకలు వేయుచు గార్దీ సిపాయిలు సుమేర్‌సింగు నాయకత్వమున లోపలికి చొరబడిరి. ఈ గార్దీలు ఐరోపా పద్ధతిని శిక్షణ నొందిన పదాతులు. వారిలో ప్రఖ్యాతుడైన ఇబ్రహీంఖాను హైదరాబాదున ఫ్రెంచి సేనాని బుస్సీ కొలువులోను నిజాము కొలువులోను ఉండి, పిదప మరాఠాల పక్షమున పానిపట్టు యుద్ధమున పోరాడి, శత్రువులకు చిక్కి చంపబడినవాడు. దక్కను రాజకీయములలో డబ్బిచ్చినవారి పక్షమున పోరాడుటయే వృత్తిగా గల ఈ సైనికవర్గము, ఆ దినమున తన ప్రభువుపైననే కత్తి యెత్తినది. నారాయణరావు పరుగెత్తి పినతండ్రి గదిలో బ్రవేశించి అతనిని కౌగిలించుకొనెననియు, తులాజీ పవారు అను సేవకుడు అతనిని విడదీసి యీడ్చెననియు, సుమేర్‌సింగు నఱికెననియు, అడ్డుపడిన చాపాజీ టిళేకరను నమ్మినబంటు ప్రభువుతోపాటు ప్రాణములు విడిచెననియు వృత్తాంతము. శవమును వెలుపలికి గొనిపోయినదని చెప్పబడు ద్వారమునకు నారాయణ దర్వాజా యను పేరు నేటికిని నిలిచియున్నది.

హత్యానంతరము రఘునాథరావే పీష్వా అయ్యెను. కాని న్యాయాధీశుడైన రామశాస్త్రి ప్రభుణే విచారణ జరిపి, దోషము ఆ పినతండ్రియందే యున్నదని నిర్ణయించి, ఇట్టి పాపమునకు ప్రాయశ్చిత్తము ప్రాణత్యాగమొక్కటియే యని అతని యెదుటనే పలికి, అట్టి ప్రభుత్వమున కొలువు చేయనొల్లక పుణెను విడిచిపోయెనని ప్రసిద్ధి. నారాయణరావు భార్య గంగాబాయి 1774లో పురందరదుర్గమున కుమారుని గనగా, నానా ఫడ్నవీసు మొదలగు మంత్రులు ఆ శిశువునే పీష్వాగా నిలిపిరి. రఘునాథరావు 1775లో సూరతున ఆంగ్లేయులతో సంధి చేసికొని వారి నీడ జేరెను. అందువలన మరాఠాలకును ఆంగ్లేయులకును పుట్టిన యుద్ధము 1782లో సాల్బాయి సంధితో ముగిసెను. మఱుసటి యేట అతడు మంచముననే కన్నుమూసెను. అతనికి పదవి పోయినది గాని, న్యాయాధీశుడు నోటితో విధించిన శిక్ష అమలు గాలేదు. ఈ యొక్క సంగతిని మనసున నుంచుకొని జనశ్రుతులను పరిశీలింపవలెను.

మొదటి జనశ్రుతి ఒక యుత్తరమును గూర్చినది. రఘునాథరావు వ్రాసియిచ్చిన యాజ్ఞలో నారాయణరావును పట్టుకొనుడని అర్థమిచ్చు ‘ధరావే’ అను మాట యుండెననియు, అతని భార్య ఆనందీబాయి మొదటి యక్షరమును దిద్ది దానిని ‘మారావే’ యని, అనగా చంపుడని, మార్చెననియు చెప్పుదురు. 1826లో ప్రకటితమైన గ్రాంట్ డఫ్ మరాఠా చరిత్రయందే ఈ వృత్తాంతము కానవచ్చుచున్నది గనుక ఇది ఇటీవలి కల్పన గాదు. కాని దీని ప్రయోజనమేమో గమనింపుడు. ఈ కథను నమ్మినయెడల పినతండ్రి అన్నకొడుకును బంధింపగోరినవాడు మాత్రమే యగును; హంతకత్వమంతయు ఒక స్త్రీ కలముపై బడును. సంవత్సరములతరబడి సాగిన పదవీవ్యామోహము, నిర్బంధమున పెరిగిన ద్వేషము, జీతము లందని సైన్యము, ఆ సైన్యమును చేరదీసిన కుట్ర, ఇన్ని కారణములు ఒక్క యక్షరములో ఇమిడిపోవును. ఇంటి పెద్ద చేసిన పాపమును ఇంటి కోడలికి అంటగట్టుట మన దేశపు వంశగాథలలో క్రొత్త సంగతి గాదు.

రెండవ జనశ్రుతియే సుప్రసిద్ధమైన పిశాచగాథ: రాత్రివేళ, విశేషించి పౌర్ణమినాడు, ఆ శిథిలములలో ‘కాకా, మలా వాచవా’ అను ఆక్రందనము, అనగా ‘బాబాయీ, నన్ను కాపాడు’ అను మొఱ, వినవచ్చునట. ఇందు పౌర్ణమియు, నిశీథమును అన్ని దేశముల దయ్యపుకథలకును ఉమ్మడి సామగ్రియే. వానిని ప్రక్కకు దీసివేసినను మిగులునది ఆ పిలుపు. అది హంతకుని శపించుట లేదు. పగ తీర్చుమని లోకమును అడుగుట లేదు. దైవమును పిలుచుట లేదు. ఎదుట నిలిచియున్న పినతండ్రినే పిలుచుచున్నది. ఉత్తరపుకథ ఎవ్వరిని దోషమునుండి తప్పించినదో, ఈ పిలుపు వానినే మరల బోనులో నిలుపుచున్నది. ఆజ్ఞాపత్రమున ఏ యక్షరమున్నను, కత్తి దిగుటకు ముందు కాపాడుటకు అవకాశమొకటి యుండెననియు, కాపాడదగినవాడు కాపాడలేదనియు దాని సారాంశము. ఒకే ప్రజ ఈ రెండు కథలను పక్కపక్కనే నిలుపుకొన్నది. మొదటిది మన్నింపు, రెండవది తీర్పు.

కేవల దారుణమరణమే పిశాచగాథకు కారణమనువారికి అదే వాడలో జరిగిన మఱియొక మరణము ప్రతివాదము కాగలదు. నారాయణరావు కొడుకు సవాయి మాధవరావు 1795 అక్టోబరులో, ఇరువదియొక్క యేండ్ల వయసున, వాడ మీది అంతస్తునుండి క్రిందనున్న నీటిఫౌంటెనుపై బడి రెండు మూడు దినములలో మరణించెను. అది జ్వరోన్మాదమా, ఆత్మహత్యయా, ప్రమాదమా యని నేటికిని వివాదమే. తండ్రి చనిపోయిన యింటనే పిన్నవయసున అకాలమృతి నొందిన యీ యువకుని దుఃఖము తక్కువది గాదు. అయినను వాడలో లోకము వినునది తండ్రి గొంతునే. కొడుకు మరణమున పిలువదగినవాడెవ్వడును ఎదుట లేడు. త్రోసివేయబడిన శరణాగతి లేదు. కాబట్టి గొంతును బ్రతికించినది చిందిన నెత్తురు గాదు, ఆలకింపబడని విన్నపము.

ఈ పిలుపు నిలుచుటకు తోడ్పడిన బాహ్యకారణములు రెండింటిని పేర్కొనవలెను. ఒకటి నాటకరంగము: కృష్ణాజీ ప్రభాకర్ ఖాడిల్కర్ 1909లో ఈ వృత్తాంతమును వస్తువుగా గైకొని ‘భావుబందకీ’ యను నాటకమును రచించి, దాయాదుల వైరమును మరాఠీ ప్రేక్షకుల కన్నులయెదుట నిలిపెను. రెండవది అగ్నిప్రమాదము: రఘునాథరావు కొడుకు రెండవ బాజీరావు ప్రభుత్వము క్షీణించి, 1817 నవంబరులో వాడపై ఆంగ్లేయుల పతాక మెగిరిన పదేండ్లకు, 1828 ఫిబ్రవరి 27న అంటుకొన్న నిప్పు ఏడు దినములు మండి టేకుమేడల నన్నిటిని భస్మము గావించెను. రాతిపీఠములును, కోటగోడలును, ద్వారములును మాత్రమే మిగిలెను. హత్య జరిగిన గది యేదియో చూపుటకు గది లేకపోవుటచే, ఆ కథకు నిలువ నీడ వినికిడియొక్కటే యయ్యెను. చూపదగిన నెత్తుటిమరక యొకటి యుండినచో ఈ పిలుపునకు ఇంత ప్రాధాన్యము కలిగెడిది కాదేమో.

కావున చరిత్రకారుడు పిశాచగాథను చదువుటకు ఒక క్రమము నవలంబింపవచ్చును. ఏ యూరికైనను సరిపడు భాగము, అనగా పౌర్ణమి, అర్ధరాత్రము, కుందేలు వంటివానిని, మొదట వేఱుచేయవలెను. పిదప ఆ యింటికి మాత్రమే చెల్లు భాగమును గైకొని, అది ఎవ్వరిని నిందించుచున్నదో, ఎవ్వరిని విడిచిపెట్టుచున్నదో చూడవలెను. దయ్యము కలదా లేదా యను తర్కము చరిత్రకు అక్కఱలేనిది. రామశాస్త్రి తీర్పు అమలు గాకపోయినను, శనివారవాడ విషయమున జనులు దానిని కొట్టివేయలేదు; ప్రతి తరమువారును ఆ వ్యాజ్యమును తిరిగి విచారించి, అదే దోషిని అదే పేరుతో పిలుచుచున్నారు.