విశ్వాసమును వీడిన పిదప

శంషాబాదు విమానాశ్రయమున దిగి, అమ్మపల్లి రామాలయమునో, కన్హా ధ్యానమందిరమునో, ముచ్చింతలలోని రామానుజ విగ్రహమునో వెదకికొనుచు మనశ్శాంతికై పోవువారు అనేకులు. పుట్టిన మతమును వీడియు శాంతిని సంపాదింపవచ్చునా యను ప్రశ్నకు మాత్రము వినుకొండ కుటుంబ మొక్కటి సమాధానము చెప్పుచున్నది.

1895లో అచట జన్మించిన కవి గుఱ్ఱం జాషువ పురాణవాఙ్మయము నభ్యసించి పద్యములల్లినందున సాటి క్రైస్తవుల ఆగ్రహమునకును, అస్పృశ్యుడైనందున అగ్రవర్ణుల తిరస్కారమునకును గురియై, తుదకు కులమతముల హద్దులకు లోబడనని ప్రకటించెను. అయినను క్రీస్తునెడ ప్రేమ సడలనందున ‘క్రీస్తు చరిత్ర’ రచించి 1964లో సాహిత్య అకాడమీ పురస్కారము నందెను.

ఆయన కుమార్తె హేమలత 1960లో నాస్తికోద్యమ నాయకుడు గోరా తనయుడగు లవణమును వివాహమాడి ఆ ఉద్యమమున చేరెను. 1913లో క్రైస్తవ సంస్థ సాల్వేషన్ ఆర్మీ నెలకొల్పిన స్టూవర్టుపురమున, దొంగలని ముద్రపడిన ఎఱుకల యిండ్ల గడపలు తొక్కి, ప్రార్థనల ఊసెత్తకయే వారిని కష్టార్జితపు బ్రతుకునకు మరల్చుటకు ఏండ్ల తరబడి పాటుపడెను. నిజామాబాదు జిల్లాలో దేవతకు అర్పింపబడి జోగినులుగా మారిన ఆడపిల్లలకు ‘చెల్లి నిలయము’ కల్పించెను. 2008లో ఆమె కన్నుమూసెను.

విశ్వాసము పోయినచోట మిగులు వెలితి వాదప్రతివాదములతో తీరదు. పరుల కష్టమును తనదిగా తలచి పనిలో దిగినవానికి ఆ వెలితిని తలచుకొను తీరికయే చిక్కదు.